ప్రసిద్ధి నీడలో మఱుగుపడిన పాటలు



ప్రసిద్ధి యొకటి, గుణము మఱియొకటి. రెండును ఒకచోట కూడియుండుట కలదు గాని, కూడియే యుండవలెనను నియమము లేదు. ఒక కవి వ్రాసిన వేయి పద్యములలో పది జనుల నాలుకలపై నిలుచును; తక్కినవి పుస్తకములోనే యుండిపోవును. నిలిచినవన్నియు మేలైనవనియు, నిలువనివన్నియు కొఱగానివనియు తలచుట తొందరపాటు. ఈ విషయమును నేడు మన కావ్యములనుండి గాక, మనకు మిక్కిలి దూరమైన యొక పాటకాండ్ర బృందము చరిత్రనుండి వివరింపదలచితిని. అమెరికా దేశపు పడమటి తీరమున, కాలిఫోర్నియా రాష్ట్రములో, లాస్ ఏంజిలిస్ అను మహానగరము కలదు. అచ్చట 1983వ సంవత్సర ప్రాంతమున పుట్టిన ఆ బృందము పేరు రెడ్ హాట్ చిలీ పెప్పర్స్. తెలుగున జెప్పవలెనన్న ఎఱ్ఱని ఘాటు మిరపకాయలు.

కావ్యనాటకములు చదువుకొని, జీవితకాలమంతయు బడిలో వ్యాకరణము చెప్పిన వానికి ఈ మిరపకాయలతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. నాయొద్ద చదివిన శిష్యుడొకడు ఆ బృందమువారి పాటలు నాకు వినిపించెను. ఆ లయ మొదటి దినముననే నన్ను పట్టుకొనెను. అప్పటినుండి వినుచునే యున్నాను. వారి పాటలలో పెద్దల యెదుట పాడరానివి యనేకము కలవు. వేదికపై చొక్కాలు విడిచి గంతులు వేయుట వారికి అలవాటు. వీనిని దాచవలసిన పనిలేదు. కాని ఆ గంతుల వెనుకనున్న మనస్సు ఎట్టిదో, లోకమెల్ల నెఱిగిన వారి పాటలకంటె లోకము పట్టించుకొనని పాటలే స్పష్టముగా చెప్పునని నా యభిప్రాయము. ఆ పాటలను గూర్చియు, అవి యేల మఱుగుపడెనను కారణములను గూర్చియు ఈ ప్రసంగము.

ముందుగా వారి సంగీతమెట్టిదో తెలిసికొందము. దానిని ఫంక్ రాక్ అందురు. ఇది రెండు పాయలు కలిసిన యేఱు వంటిది. ఫంక్ అనునది అమెరికాలోని నల్లజాతివారు 1960 తరువాతి సంవత్సరములలో పెంపొందించిన నృత్యసంగీతము. దానికి దారి చూపినవారిలో జేమ్స్ బ్రౌన్ అను గాయకుడు ముఖ్యుడు. నాలుగు దెబ్బల ఆవర్తములో మొదటి దెబ్బకు బలమిచ్చి, తక్కిన వాద్యములన్నియు మరల ఆ మొదటి దెబ్బకొఱకే కాచుకొనియున్నట్లు కూర్చుట దాని కీలకము. మన తాళములో సమము అనుదానిని ఎఱిగినవారికి ఈ సంగతి వేఱుగా బోధింపనక్కఱలేదు. ఇక రాక్ అనునది విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారు ప్రధానముగా గల గట్టి సంగీతము. ఈ రెంటిని కలుపునది బేస్ గిటారు. సాధారణముగా దానికి నాలుగు లావుపాటి తీగెలుండును. ఇతర సంగీతములలో అది వెనుక నిలిచి స్వరమునకు ఆధారమిచ్చుచుండును. ఫంక్‌లో ముందునకు వచ్చును. స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ అను బృందములోని లారీ గ్రాహమ్, బొటనవ్రేలితో తీగెను మోది, మఱియొక వ్రేలితో లాగి విడుచు పద్ధతిని ప్రచారమునకు దెచ్చెను. అట్లు వాయించినప్పుడు తీగెవాద్యము చర్మవాద్యమువలె పలుకును. మన మిరపకాయల బృందములో ఈ విద్యను మిక్కిలి సాధించినవాడు ఫ్లీ అను మారుపేరు గల మైకేల్ బాల్జరీ.

ఈ ఫ్లీ 1962లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున పుట్టెను. బాల్యములో నేర్చినది ట్రంపెట్ అను బాకా. లాస్ ఏంజిలిస్‌లోని ఫెయిర్‌ఫాక్స్ హైస్కూలులో అతనికి ఆంథొనీ కీడిస్, హిల్లెల్ స్లోవాక్, జాక్ ఐరన్స్ అను మువ్వురు మిత్రులు దొరకిరి. స్లోవాక్ గిటారు వాయించును. ఐరన్స్ డ్రమ్ములు వాయించును. కీడిస్ పద్యములవంటి వానిని అల్లి, పాటగా గాక వడివడిగా వల్లించును. ఫ్లీ చేతికి బేస్ గిటారునిచ్చి, నీవిది నేర్చుకొనుమని ప్రోత్సహించినవాడు స్లోవాకే. నలువురును కలిసి మొదటిసారి వేదిక నెక్కినది ఒకేయొక పాట పాడుటకు. విన్నవారికి నచ్చి, మరల రమ్మనిరి. ఆ విధముగా బడిమిత్రుల వేడుక బృందముగా మాఱినది. ఈ స్నేహమును మీరు గుర్తుంచుకొనవలెను. చెప్పబోవు పాటలకెల్ల మూలకందము అదియే.

పాట మఱుగుపడుటకు మొదటి కారణము, దానిని ప్లేటుగా తీర్చువారి యభిరుచి. 1983లో ఈ నలువురు తమ పాటలను మాదిరిగా ఒక టేపుపై ముద్రించుకొనిరి. దానివలన ఒక పెద్ద కంపెనీతో ఒప్పందము కుదిరినది. కాని అప్పటికి స్లోవాక్, ఐరన్స్ ఇరువురు వేఱొక బృందముతో గూడ కట్టుబడియుండిరి. అందుచేత 1984లో వెలువడిన మొదటి సంపుటిలో వారు వాయింపలేదు. వారి స్థానమున జాక్ షెర్మన్, క్లిఫ్ మార్టినెజ్ అనువారు వాయించిరి. ధ్వనిముద్రణమును నడిపినవాడు ఆండీ గిల్ అను ఆంగ్లేయ వాద్యకుడు. పాట రేడియోకు తగినట్లు నునుపుగా నుండవలెనని ఆయన పట్టు. తమ వేడి చల్లారిపోవుచున్నదని వీరి గోల. ఆ తగవులో సంపుటి రెంటికిని చెడినదయ్యెను. మొదటి టేపులోని పాటలు కొన్ని 1994లో ఔట్ ఇన్ ఎల్.ఏ. అను సంకలనములో వెలుగు చూచినవి. రెంటిని ప్రక్కప్రక్కన వినినయెడల, నలువురు మిత్రులు సరదాకై పాడుకొన్న టేపులోని ప్రాణము, డబ్బు వెచ్చించి చేసిన ముద్రణములో లేకుండుట ఎవరికైనను తెలియగలదు.

రెండవ సంపుటి 1985లో వెలువడిన ఫ్రీకీ స్టైలీ. దీనికొఱకు వారు డెట్రాయిట్ నగరమునకు పోయి, జార్జ్ క్లింటన్ అనువానిని ఆశ్రయించిరి. ఈయన పార్లమెంట్, ఫంకడెలిక్ అను రెండు బృందములకు నాయకుడు. ఫంక్ సంగీతమున కులపతివంటివాడు. తెల్లపిల్లలు నల్లవారి సంగీతమును పాడదలచి, ఆ సంగీతపు పెద్దనే గురువుగా కోరి చేరుట మెచ్చదగిన పని. ఆ సంపుటిలో స్లై స్టోన్ పాట యొకటియు, న్యూ ఆర్లియన్స్ నగరమునకు జెందిన మీటర్స్ అను బృందము పాట యొకటియు తమదైన తీరున పాడి గురుఋణము తీర్చుకొనిరి. సంపుటి పెద్దగా అమ్ముడుపోలేదు. నేడును దానిని తలచువారు తక్కువ.

ఐనను అందులోని యర్టిల్ ది టర్టిల్ అను పాట మీవంటి పెద్దలు వినదగినది. డాక్టర్ స్యూస్ అను రచయిత పిల్లలకొఱకు 1958లో ప్రకటించిన కథ దానికి మూలము. ఒక తాబేళ్ల రాజు, తన సింహాసనము ఎత్తు చాలదని, తన ప్రజలైన తాబేళ్లనే ఒకదానిపై నొకటి పేర్పించి, వాని వీపులపై కూర్చుండి, కనుచూపు మేర యంతయు తనదే యనును. అడుగున నలిగిపోవుచున్న యొక సామాన్యపు తాబేలు మొఱపెట్టుకొన్నను వినడు. తుదకు ఆ తాబేలు ఒక్క త్రేన్పు త్రేన్చగా పేరుపంతయు కదలి, రాజు బురదలో పడును. హిట్లరును మనస్సులో నుంచుకొని ఈ కథ కల్పించితినని రచయితయే చెప్పెను. మన పంచతంత్రములో చేర్చినను ఒదుగునట్టి ఈ నీతికథను ఫంక్ లయలో పోసి పాడుట ఎవరికి తోచును? ఆ పాట విననివారు ఈ బృందమునకు గంతులే తెలియుననుకొందురు.

మూడవది 1987లో వచ్చిన ది అప్‌లిఫ్ట్ మోఫో పార్టీ ప్లాన్. స్థాపకులైన నలువురు మిత్రులును కలిసి పూర్తిచేసిన సంపుటి ఇదియొక్కటే. ఇందులో బిహైండ్ ది సన్ అను పాట కలదు. తక్కిన పాటలు ఉఱుకులు పరుగులుగా సాగుచుండగా, ఇది నెమ్మదిగా, ఇంపుగా, సముద్రపు గాలివలె సాగును. సాగరమున స్నానమాడుచు డాల్ఫిన్ అను జలచరముతో మాటలాడుట దాని వస్తువు. మనకు ప్రత్యేకముగా చెప్పదగిన విశేషమేమనగా, అందులో స్లోవాక్ మన దేశపు సితారు వాయించెను. హైఫా నగరమున పుట్టి, అమెరికాలో పెరిగిన యువకుని చేత మన సితారు మ్రోగుట విన్నప్పుడు నాకు దేశముల దూరము తగ్గినట్లు తోచును. సితారు పండితుల వాయిద్యముతో దానిని పోల్చరాదు. రాగవిస్తారమేమియు లేదు. పాటకు ఎండకాంతి వంటి మెఱుపు నిచ్చుట మాత్రమే దాని పని. ఆ పని చక్కగా చేసినది.

ఆ పాటకు ఆనాడు గుర్తింపు రాలేదు. 1988 జూన్ 25వ తేదీన హిల్లెల్ స్లోవాక్ హెరాయిన్ అను మత్తుమందువలన మరణించెను. వయస్సు ఇరువదియాఱు సంవత్సరములు. ఆ పిమ్మట బృందమునకు పేరు రాగా, వారి పాత కంపెనీ 1992లో ఈ పాటను విడిగా వెలువరించినది. సితారు వాయించిన చేయి లోకమును విడిచి నాలుగేండ్లయిన పిదప పాట వీథికి వచ్చినది. ప్రసిద్ధి ఆలస్యముగా వచ్చుట యెంత నిష్ఫలమో ఇంతకంటె వేఱు నిదర్శనమేల?

స్లోవాక్ మరణముతో బృందము విఱిగినది. ఐరన్స్ దుఃఖము భరింపలేక వెడలిపోయెను. కీడిస్‌కును ఆ దురలవాటే యుండెను. మిత్రుని చావు చూచిన పిమ్మట దానిని విడుచుటకు గట్టిగా పూనుకొనెను. జాన్ ఫ్రుషాంటే అను పదునెనిమిదేండ్ల బాలుడు గిటారుకును, చాడ్ స్మిత్ డ్రమ్ములకును వచ్చి చేరిరి. 1989లో మదర్స్ మిల్క్ అను సంపుటి వెలువడినది. దానిలో స్టీవీ వండర్ పాట యొకటి పాడి పేరు తెచ్చుకొనిరి. కాని నేను మీ దృష్టికి దెచ్చునది నాక్ మి డౌన్ అను మఱియొక పాట. అది స్లోవాక్ మరణమునుండి పుట్టినది. కీర్తి తలకెక్కి నేను మిన్నుముట్ట విఱ్ఱవీగినయెడల నన్ను నేలకు దింపుడని మిత్రులను వేడుకొనుట దాని భావము. యౌవనము, ధనము, పేరు వచ్చుచున్న వేళ, నన్ను దండింపుడని కోరు పాటను పాడుట సామాన్యమైన సంగతి కాదు. అది విడిపాటగా వెలువడి కొంతకాలము వినబడినది. కాని 2003లో కంపెనీ ఆ బృందపు మేలుపాటలని పదునాఱింటిని ఏర్చి ప్రకటించినప్పుడు అందులో దానికి చోటు దొరకలేదు. మొదటి మూడు సంపుటులనుండి ఒక్క పాటయు ఆ పదునాఱులో లేదు. స్లోవాక్ వాయించినది ఒక్కటియు లేదన్నమాట.

ఆ మదర్స్ మిల్క్‌లోనే ప్రిటీ లిటిల్ డిటీ అను చిన్న తునుక కలదు. మాటలు లేవు. ఫ్రుషాంటే గిటారుతో, ఫ్లీ బేస్ గిటారుతోను తాను బాల్యమున నేర్చిన బాకాతోను ఆడుకొన్నట్లుండును. అంతటి కోలాహలము నడుమ ఎవరును దానిని లెక్కింపలేదు. పదునొకండేండ్లు గడచిన పిమ్మట, క్రేజీ టౌన్ అను వేఱొక బృందమువారు ఆ తునుకలోని గిటారు వరుసను తీసికొని, దానిపై తమ పాటను నిలిపి, బటర్‌ఫ్లై అను పేర వెలువరించిరి. అది 2001లో అమెరికా దేశపు జనాదరణ పట్టికలో మొదటి స్థానమున నిలిచినది. రచయితల పట్టికలో ఫ్లీ, ఫ్రుషాంటేల పేర్లను గూడ చేర్చిరి. ఆ వరుసలో బలములేదని మొదట ఎవరైనను అనియుండినయెడల ఏమి సమాధానము చెప్పగలరు? స్వరము అదియే, చూచిన కన్ను మాత్రము మాఱినది.

1991లో వెలువడిన బ్లడ్ షుగర్ సెక్స్ మాజిక్ అను సంపుటితో వీరు జగత్ప్రసిద్ధులైరి. రిక్ రూబిన్ అను నిపుణుని ఆధ్వర్యమున, లాస్ ఏంజిలిస్ కొండలలోని యొక పాత భవనమున వారు నివసించుచు పాటలు ముద్రించుకొనిరి. అందలి అండర్ ది బ్రిడ్జ్ అను పాట 1992లో అమెరికా పట్టికలో రెండవ స్థానమున కెక్కినది. ఇచ్చట మఱుగుపడుటకు రెండవ కారణము కనబడును. పెద్దచెట్టు నీడలో మొలకలు ఎదుగవు. అదే సంపుటిలో ఐ కుడ్ హావ్ లైడ్ అను విషాదగీతము కలదు. విడిపాటగా వెలువడలేదు గనుక చాలమంది ఎఱుగరు. రాబర్ట్ జాన్సన్ అను పూర్వపు గాయకుడు 1936లో ముద్రించిన పాట నొకదానిని, భవనము వెలుపల కొండపై రాత్రివేళ కూర్చుండి పాడి, సంపుటి చివర చేర్చిరి. బ్రేకింగ్ ది గర్ల్ అను పాటలో నడుమ వినబడు మ్రోత ఏ వాద్యముదో యని నేను చాల నాళ్లు చెవియొగ్గి విన్నాను. అది పాత యినుపసామానుల దిబ్బనుండి తెచ్చిన రేకులను, తునుకలను కొట్టిన మ్రోత.

మూడవ కారణము గ్రామఫోను నెఱిగిన మీకు సులువుగా బోధపడును. ప్లేటునకు రెండు ప్రక్కలుండును గదా! కంపెనీ తాను నమ్మిన పాటను మొదటి ప్రక్కను వేసి, మిగిలినదానిని రెండవ ప్రక్కకు త్రోయును. కొన్నవారు మొదటి ప్రక్కనే అరుగదీయుదురు. ఆ భవనములో ముద్రించిన పాటలలో సోల్ టు స్క్వీజ్ అనునది సంపుటిలోని పదునేడు పాటలలో చేరలేదు. ఇతర పాటల వెనుక రెండవ ప్రక్కను దానిని వేసిరి. మనశ్శాంతికొఱకు వెదకుచున్న మనుష్యుని మెత్తని పాట అది. 1993లో కోన్‌హెడ్స్ అను హాస్యచిత్రమునకు పాటలు కావలసివచ్చి, దానిని తీసి చేర్చిరి. వెంటనే అది ఆధునిక రాక్ పాటల పట్టికలో మొదటి స్థానము నందినది. సినిమావారికి ఆ యవసరము కలుగకపోయిన, ఆ పాట నేటికిని రెండవ ప్రక్కననే పడియుండెడిది. ఇట్లు పిలుపు రాక పడియున్నవి ఎన్నియో!

నాలుగవ కారణము మనుష్యులు మాఱుట. ఫ్రుషాంటే 1992లో బృందమును విడిచెను. డేవ్ నవారో అనువాడు వచ్చి చేరెను. 1995లో వన్ హాట్ మినిట్ వెలువడినది. మునుపటిదానితో పోల్చగా అమ్మకము తక్కువ. కీడిస్ మరల మత్తుమందు పాలైన రోజులవి. సంపుటియంతయు చీకటిగా నుండును. 1998లో నవారో వెడలి, ఫ్రుషాంటే తిరిగి వచ్చెను. తాను లేని కాలపు పాటలను అతడు వాయింపకుండుటచే, ఒక సంపుటి సంపుటియే వేదికకు దూరమైనది. నలుబదేండ్ల చరిత్రలో అనాథశిశువువలె మిగిలినది అది. అందలి ఏరోప్లేన్ అను పాటకు చివర చిన్నపిల్లలు గొంతు కలుపుదురు. వారిలో ఫ్లీ కుమార్తెయు, ఆమె తోడి బడిపిల్లలును కలరు. వేఱొక గిటారువాడు బృందములో నున్నప్పుడు, 2016లో, పలు సంవత్సరముల పిదప ఆ పాటను మరల వేదికపై వాయించిరి.

ఆ సంపుటిలోనివి మఱి రెండు పాటలను గూర్చి తప్పక చెప్పవలెను. ట్రాన్సెండింగ్ అనునది రివర్ ఫీనిక్స్ అను యువనటుని స్మృతికై వ్రాసినది. అతడు వీరికి ప్రియమిత్రుడు. 1993 అక్టోబరు 31వ తేదీన మత్తుమందులవలననే ఇరువదిమూడేండ్ల వయస్సున మరణించెను. టియర్‌జర్కర్ అనునది నిర్వాణా బృందపు గాయకుడు కర్ట్ కోబేన్ స్మృతికై వ్రాసినది. అతడు 1994 ఏప్రిలులో ఆత్మహత్య చేసికొనెను. మొదటి పాట శాంతముగా మొదలై, చివరకు కోపముతో కేకలు వేయును. చనిపోయినవానిపై ప్రేమయు, చావుపై కోపమును ఏకమైనట్లుండును. రెండవది మెల్లగా, కంటినీరు తుడుచుకొనుచు మాటలాడినట్లుండును. కరుణరసమునకు ఆలంబనము ఎచ్చటిదైన నేమి? క్రౌంచపక్షి శోకమునుండి కావ్యము పుట్టిన దేశమువారమైన మనకు ఈ సంగతి కొత్త కాదు.

2002లో వెలువడిన బై ది వే సంపుటికి కడపటి పాట వెనిస్ క్వీన్. వెనిస్ అనునది లాస్ ఏంజిలిస్‌లోని సముద్రపుటొడ్డు పేట. మత్తుమందునుండి బయటపడుటకు కీడిస్‌కు తోడ్పడిన యొక పెద్దామె కాన్సర్ వ్యాధితో మరణింపగా, ఆమెను తలచుకొని పాడినది ఇది. ఆఱు నిమిషముల పాట. మొదటి సగము నింపాదిగా నడచి, రెండవ సగమున వడి పెంచి, సాగనంపుటకు వచ్చినవారి కోలాహలమువలె ముగియును. తల్లివంటి యామెకు ఋణము తీర్చుకొను పాటను సంపుటి చివర నుంచుటచే, మొదటి పాటలు విని ఆపివేయువారికి అది చేరలేదు.

ఐదవ కారణము సమృద్ధి. 2006లో స్టేడియమ్ ఆర్కేడియమ్ అను పేర ఇరువదియెనిమిది పాటలను రెండు భాగములుగా వెలువరించిరి. ఆ భాగములకు బృహస్పతి, అంగారక గ్రహముల పేర్లు పెట్టిరి. ఇరువదియెనిమిదింటిలో విడిగా వెలువడినవి కొన్నియే. వెట్ సాండ్ అను పాట అట్లు వెలువడలేదు. ఐనను బృందమును శ్రద్ధగా వినువారు దానిని తలమీద పెట్టుకొందురు. అది గుసగుసగా మొదలై మెట్టుమెట్టుగా పెరిగి, ఫ్రుషాంటే గిటారు ఆక్రోశముతో కొసముట్టును. సంపుటికెల్ల చివరిది డెత్ ఆఫ్ ఎ మార్షియన్. మార్షియన్ అనునది ఫ్లీ పెంచుకొన్న కుక్క పేరు. దాని చావునకు ఇంటిల్లపాది దుఃఖించుట ఆ పాట వస్తువు. చివర కీడిస్ పాడుట మాని, పద్యమువలె వల్లించును. మొదటినాడు ఒకే పాటతో వేదిక నెక్కినప్పుడు వల్లించినట్లే. పొలములో తోడు తిరిగిన కుక్కనో, దున్నిన యెద్దునో పోగొట్టుకొన్నవారికి ఈ పాట భాష తెలియకున్నను బోధపడును.

2011 నాటి సంపుటిలో పట్టక మిగిలిన పదునేడు పాటలను 2012, 2013 సంవత్సరములలో చిన్నప్లేటులపై విడతలవారీగా వెలువరించిరి. 2022లో, ఒకే సంవత్సరమున, రెండు సంపుటులుగా ముప్పదినాలుగు పాటలు వచ్చినవి. పంట మిక్కిలి పండిన యేట గింజలు కళ్లములోనే రాలిపోవునట్లు, ఇంత సమృద్ధిలో మంచిపాటలు కొన్ని జాఱిపోవుట సహజము.

నేడు ప్లేటులతో పనిలేక, చేతిలోని ఫోనుననే వారి పాటలన్నియు వినవచ్చును గనుక, ఇక మఱుగుపడుట యనునది ఎక్కడిదని యెవరైనను అడుగవచ్చును. ఆ యంత్రమును గమనింపుడు. బృందము పేరు చెప్పగనే, ఎక్కువమంది వినిన పాటలను అది ముందు వరుసను చూపును. ముందు కనబడినదానినే జనులు మరల విందురు. విన్నందున అది మరల ముందునకు వచ్చును. కంపెనీ యేర్పఱచిన మొదటి ప్రక్క పోయి, లెక్క యేర్పఱచు మొదటి ప్రక్క వచ్చినది. రెండవ ప్రక్కకు త్రిప్పవలసిన చేయి మనదే.

మఱుగుపడినవన్నియు రత్నములని నేను చెప్పను. వీరి పాటలలో విని మఱచిపోదగినవియు కలవు. కొన్ని మఱుగుపడుటయే మేలు. ఏది యెట్టిదో తేల్చుటకు నాకు తెలిసిన పరీక్ష యొక్కటియే. మొదటిసారి లయ కొఱకు వినవలెను. రెండవసారి మాట కొఱకు వినవలెను. మూడవసారి, ఈ పాట ఎవరిని తలచుకొని పుట్టినదో తెలిసికొని వినవలెను. మూడవసారియు నిలిచినది మంచిపాట.

ఈ పరీక్షలో నాకు తేలిన సంగతి చెప్పెదను. గురువుల పాటను మరల పాడుట, నన్ను దండింపుడని స్నేహితులను వేడుట, అకాలమరణము పొందినవారికై విలపించుట, తల్లివంటి యామెను సాగనంపుట, కుక్కకై కన్నీరు విడుచుట, ఇవియన్నియు లోకము అంతగా పట్టించుకొనని పాటలలో నున్నవి. చొక్కాలేని గంతులు లోకము చూచినది. ఋణము మఱువని మనస్సు ఈ పాటలలో దాగియున్నది. ఒక మిత్రుడు చేతికిచ్చిన బేస్ గిటారును ఫ్లీ నేటికిని వాయించుచున్నాడు. ఆ మిత్రుడు మాత్రము ఇరువదియాఱేండ్లకే మత్తుమందునకు బలియైనాడు. ఈ మందుల మాట మన యూళ్లకును దూరమైనది కాదు. పిల్లలకు నీతిగా చెప్పినప్పుడు చెవికెక్కని మాట, వారికి ప్రియమైన పాట వెనుకనున్న చావును చెప్పినప్పుడు ఎక్కవచ్చును.

కావున పెద్దలైన మీకు నా మనవి యిది. మీ యింటిలో పిల్లవాడు చెవులకు యంత్రము తగిలించుకొని ఇట్టి సంగీతము వినుచున్నప్పుడు, ఆ రొద కట్టిపెట్టుమని గద్దింపకుడు. ప్రక్కను కూర్చుండి, అందఱు వినుపాట వలదు, ఎవరును విననిది యొకటి వినిపింపుమని యడుగుడు. అది ఎవరికొఱకు పాడిరో చెప్పుమనుడు. అతనికి తెలియనియెడల వెదకి తెలిసికొనును. ఆ వెదకుటలో పాటయు దొరకును, పిల్లవాని మనస్సును మీకు దొరకును.